ఎర్రపువ్వు వద్దన్న సామాను

మా బావ పోయేనాటికి ఆ కంప్యూటరు సగం తయారై ఉంది.

కంప్యూటరనేది బావ పెట్టిన పేరు. నిజానికి అది ఇరవై ఎనిమిది కాళ్ల చిప్పు ఒకదాన్ని నమ్ముకుని నడిచే టీవీ ఆట పెట్టె. దాన్ని టీవీకి తగిలిస్తే నల్లటి తెర మీద కుడివైపొక తెల్లగీత, ఎడమవైపొక తెల్లగీత, మధ్యలో ఒక చుక్క వస్తాయి. గీతలు బ్యాట్లు, చుక్క బంతి. గుండ్రటి మీట తిప్పితే బ్యాటు పైకీ కిందికీ పోతుంది. బంతిని వదిలేస్తే ఎదుటివాడికి పాయింటు. పదిహేను ముందు ఎవరికొస్తే వాళ్లది గెలుపు. అంతే ఆట. నేనప్పుడు పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ రెండో ఏడు చదువుతున్నాను. బావ ఆ మాట అన్నప్పుడల్లా కంప్యూటరంటే ఇది కాదని సరిదిద్దేవాణ్ణి. నాకు తెలిసింది గోరంత, నోరు మాత్రం కొండంత. బావ నవ్వి, సరే పంతులూ అని, మళ్లీ కంప్యూటరే అనేవాడు.

ఎనభైల మధ్యలో తమిళనాట మా ధర్మపురికి టీవీలు అప్పుడప్పుడే వస్తున్నాయి. బస్టాండు వెనక వీధిలో బావకు రేడియో, టీవీ రిపేరు అంగడి ఉండేది. వాళ్లది మహేంద్రమంగళంలో సేద్యం చేసుకునే ఇల్లు. ఆ ఇంట్లో ఈ పని ఆయన ఒక్కడికే పట్టుబడింది. అక్కను చేసుకుని రెండేళ్లయింది, పిల్లలు లేరు. పెట్టె పూర్తయితే మొదటి ఆట అక్కతోనే అని బావ అందరి ముందూ అనేవాడు. అక్క సిగ్గుపడి లోపలికి లేచిపోయేది. ఏదో ఎలక్ట్రానిక్స్ పత్రికలో వచ్చిన సర్క్యూట్ పటం చింపి దాచుకుని, చేతిలో డబ్బు ఆడినప్పుడల్లా ఒక్కో సామానూ కొంటూ వచ్చాడు. బోర్డు మీద కుడి బ్యాటు వైపు పనంతా ముగించాడు. ఎడమవైపు మొదలుపెట్టకముందే, కడత్తూరులో ఒక మిద్దె మీద యాంటెన్నా నిలబెడుతుంటే ఇనుప పైపు పోయి కరెంటు తీగకు తగిలింది. పొద్దున పదకొండు గంటలప్పుడు. మధ్యాహ్నానికి ఇంటికి తెచ్చారు.

అక్క ఏడవలేదు.

శవం ఇంట్లో ఉన్నప్పుడూ ఏడవలేదు, ఎత్తుకుపోయేటప్పుడూ ఏడవలేదు. అదియమాన్‌కోట్టై నుంచి శోకాలు పెట్టే ముసలమ్మ వచ్చి, అక్క మెడ పట్టుకుని, బావ చేసిన మంచి పనులన్నీ ఒక్కొక్కటిగా పాడింది. చుట్టూ ఉన్న ఆడవాళ్లంతా కుమిలిపోయారు. అక్క మాత్రం ఎవరో పరాయివాళ్ల సంగతి వింటున్నట్టు ఆమె నోటి వంక చూస్తూ కూర్చుంది. పదకొండో దినం ముగిశాక మా ఇంటికి తెచ్చుకున్నాం. అన్నం పెడితే రెండు ముద్దలు తినేది, పలకరిస్తే ఊ అనేది. కళ్లు మాత్రం పొడిగా ఉండేవి. మా వైపు ఆడవాళ్లకు ఒక గట్టి నమ్మకం ఉంది. మొగుడు పోయాక ఏడవని ఆడది, ఏడాది తిరక్కముందే అతని వెంట పోతుందని. వచ్చినవాళ్లందరూ ఆ మాట గుసగుసగా అమ్మ చెవిలో వేసిపోయేవాళ్లు. అలాంటి మాటలు చెప్పడానికి వచ్చేవాళ్లను నేను గడప దగ్గరే నిలబెట్టి పంపేయాలనుకునేవాణ్ణి. కానీ నాకూ భయమే. ప్రతి పొద్దునా లేవగానే ముందు అక్క పడుకున్న గదిలోకి తొంగిచూసేవాణ్ణి.

నెలన్నర గడిచాక ఒక మధ్యాహ్నం అక్క తనంతట తానే నోరు విప్పింది. తలదిండు పక్క నుంచి ఒక బిస్కెట్ల రేకు డబ్బా తీసి నా ముందు పెట్టింది. అది బావ డబ్బా. లోపల నల్లటి స్పాంజిలో గుచ్చిన చిప్పు, సగం అతికిన బోర్డు, నాలుగు మడతలు పెట్టిన పటం ఉన్నాయి.

"దీన్ని ముగించి ఇస్తావా?" అంది.

ఇస్తానన్నాను. ఆ క్షణంలో ఏనుగును తెచ్చిమ్మన్నా తెచ్చిస్తాననేవాణ్ణి.

పటం ముందు పరుచుకుని, కొనాల్సిన సామాను రాసుకున్నాను. ఒక్కొక్కదానికీ రెండు దారులు కనిపించాయి. పెట్టె చెక్కతో చేయించాలా, అల్యూమినియం రేకుతోనా? స్పీకరు కొత్తది కొనాలా, అంగడిలో పడి ఉన్న పాడైన ట్రాన్సిస్టర్‌లోంచి పీకాలా? కొత్తవైతే కళ్లు మూసుకుని బిగించవచ్చు, కానీ నా దగ్గర ఉన్నది బస్సు పాసు కోసం అమ్మ ఇచ్చిన డబ్బు. అక్క మాట్లాడుతోంది కదా, ఇంకో నాలుగు మాటలు రాబడదామని, పెట్టె దేనితో చేయిద్దామక్కా అని అడిగాను. అక్క గోడ మీది బావ పటం వైపు చూపించి, ఆయన్నే అడగమంది. పూలు వేసి అడగమంది.

పూలు అడగడం మా ఇళ్లలో ఉన్నదే. సంబంధం కుదుర్చుకోవాలన్నా, బోరు ఎక్కడ వేయాలన్నా ఇంటిదేవత ముందు అడుగుతారు. ఒక తెల్లపువ్వు, ఒక ఎర్రపువ్వు రెండు కాగితం పొట్లాల్లో కట్టి, చెంబులో వేసి కదిలించి, ఒకరిచేత ఒక పొట్లం తీయిస్తారు. తెల్లది వస్తే సరే, ఎర్రది వస్తే వద్దు. అయితే అడిగేది దేవుణ్ణి. పోయినవాళ్లను అడగడం నేను ఎక్కడా చూడలేదు. అమ్మకైతే ముఖం పాలిపోయింది. నన్ను వంటింట్లోకి పిలిచి తలుపు చేరేసింది.

"పోయినోళ్లను అడగొద్దురా," అంది. "అడిగితే వస్తారు."

నేను చదువుకున్నవాణ్ణి కదా, ఆ మాటకు లోపల నవ్వుకున్నాను. పెరట్లో తెల్లగన్నేరూ ఎర్రగన్నేరూ రెండూ ఉండేవి. ఒకే సైజు పూలు కోసి, ఒకే కాగితం చింపి, నేనే పొట్లాలు కట్టాను. పట్టుకుని చూసి ఏది ఏదో చెప్పడం నావల్ల కూడా కాలేదు. అక్క పటం ముందు కూర్చుని, కళ్లు మూసుకోకుండా, బావ కళ్లలోకే చూస్తూ అడిగింది. రేకు పెట్టె చేయించమంటావా అంది. తెల్లది వచ్చింది. స్పీకరు కొత్తది కొనమంటావా అంటే ఎర్రది. బ్యాటరీతో కాక కరెంటుతో నడిచేటట్టు చెయ్యమంటావా అంటే తెల్లది. ప్రతి జవాబుకూ అక్క తల ఊపి, నా వైపు తిరిగి, రాసుకో అనేది. ఆ పూట అన్నం ఇంకొంచెం పెట్టమని అడిగి తినింది. అమ్మ గరిట పట్టుకుని నా వైపు చూసింది. అప్పటినుంచి పూలు వద్దని ఆమె కూడా అనలేదు.

ఎడమ బ్యాటు మీట దగ్గర నాకు కోపం వచ్చింది. మీట అంటే మరేం లేదు, రేడియో వాల్యూమ్ తిప్పే కంట్రోలు లాంటిదే. కొత్తది కొనాలని నా పట్టుదల. పాతవాటిలో లోపలి పూత అరిగిపోయి ఉంటుంది. కానీ ఎర్రపువ్వు వచ్చింది. బావ అంగడిలో వాడి పారేసిందే పెట్టాలన్నమాట. ఇక మిగిలింది ఎడమవైపుకు ఒక చిన్న కెపాసిటరు. చూడటానికి కందిబద్దంత ఉంటుంది, ధర లెక్కలోకే రాదు. దాన్ని అడగక్కర్లేదు, కొనేద్దామన్నాను. అక్క ఒప్పుకోలేదు. అన్నీ అడిగి ఒకటి అడక్కపోతే బాగుండదంది. కెపాసిటరు కొనమంటావా అని అడిగింది. ఎర్రది. నేను ఊరుకోక మళ్లీ అడగమన్నాను. మళ్లీ ఎర్రది. మూడోసారి రెండు పొట్లాల్లోనూ తెల్లపూలే కడదామనుకున్నాను. పటంలోంచి బావ నన్నే చూస్తున్నట్టనిపించి చెయ్యి రాలేదు. మూడోసారీ ఎర్రదే వచ్చింది. అయితే అది వేయనే వద్దంటున్నాడంది అక్క.

మిగతా సామానుకు బెంగుళూరు ఎస్.పి. రోడ్డుకు పోయాను. ఆ వీధిలో కొత్త సామాను అద్దాల వెనక ఉంటుంది, పీకిన సామాను నేల మీద గోనెసంచుల మీద కుప్పలుగా ఉంటుంది. నాకు కుప్పలే గతి. వాటి ముందు గొంతుక్కూర్చుని ఏరుతుంటే ఎప్పుడూ రాని ఆలోచన ఒకటి వచ్చింది. ఇవన్నీ ఎవరి ఇళ్లలోనో మాట్లాడిన రేడియోల్లోవి, పాడిన టేప్‌రికార్డర్లలోవి. ఆ ఇళ్లకు ఏమైందని ఇవి ఇక్కడికి వచ్చాయి? చేతిలో ఉన్న స్విచ్చు మీద ఎవరిదో గోటిరంగు మరక ఉంది. దాన్ని కింద పెట్టేసి వేరేది తీసుకున్నాను. అంగడాయన తెలుగు, కన్నడం కలిపి మాట్లాడే పెద్దమనిషి. నా పటం తీసుకుని, ఏరినవాటిని ఒక్కొక్కటే దానితో సరిచూసి, ఎడమవైపు కెపాసిటరు ఏదని అడిగాడు. పువ్వు వద్దన్నదని చెప్పడానికి సిగ్గేసింది. ఇంట్లో ఉందని అబద్ధమాడాను.

"మరవకుండా వెయ్యి," అన్నాడు. "అది లేకుంటే ఆ పక్క బ్యాటు నీ మాట వినదు."

ఆ మాట బస్సులో హోసూరు దాకా నాతో వచ్చింది. రెండో ఏడు విద్యార్థికి తెలియని సంగతేం కాదది. ఇల్లు చేరగానే అక్క గుమ్మంలో నిలబడి ఉంది. రెండు నెలల్లో గుమ్మం దాకా రావడం అదే మొదలు. నేను ఆ కెపాసిటరు సంగతి మళ్లీ ఎత్తలేదు.

వారం రోజులు ముందుగదిలో కూర్చుని అతికాను. అక్క సీసం తీగ పట్టుకుని పక్కనే కూర్చునేది. కుడివైపు బావ అతుకులు చిన్నగా, నున్నగా ఉన్నాయి. ఎడమవైపు నావి గడ్డలు కట్టాయి. రేకు పెట్టెకు మీటలు బిగించి, అంగడి నుంచి తెచ్చిన నలుపు తెలుపు టీవీకి తగిలించాను. మధ్యాహ్నం రెండు గంటలు. బయట ఎండ మండిపోతోంది. వీధిలో కాకి కూడా లేదు. స్విచ్చు వేయగానే టీవీలో బుస్సుమని శబ్దం వచ్చి, తర్వాత తెర నల్లబడి గీతలు వచ్చాయి. నాకు సంతోషంతో అరవాలనిపించింది. కుడి మీట అక్క చేతికిచ్చాను. ఎడమ మీట నేను పట్టుకోబోతుంటే అక్క నా మణికట్టు పట్టుకుని ఆపింది.

ఎడమ బ్యాటు అప్పటికే కదులుతోంది.

దాని మీట మీద ఎవరి చెయ్యీ లేదు. గీత కిందినుంచి మెల్లగా పైకి వచ్చింది, ఆగింది, కొంచెం దిగింది. బంతి ఎడమవైపు పోతోంది. గీత ఇంకొంచెం పైకి పోయి బంతికి ఎదురు నిలబడింది. పెట్టెలోంచి టక్ అని చప్పుడు వచ్చింది. బంతి తిరిగి అక్క వైపు వచ్చింది. అక్క తన బ్యాటు తిప్పి కొట్టింది. మళ్లీ అటునుంచి టక్. నా వీపు మీద చెమట చల్లబడడం తెలిసింది. అక్క ముఖంలో మాత్రం భయమన్నదే లేదు. వాకిట్లోకి రావలసినవాళ్లు వచ్చినప్పుడు జరిగి చోటిచ్చినట్టు, కొంచెం కుడికి జరిగి కూర్చుంది.

ఆ రోజునుంచి అదే పని. మధ్యాహ్నం అన్నం తిని, రెండు గంటలకు టీవీ ముందు కూర్చుంటే నాలుగు దాకా లేచేది కాదు. పెట్టెకు ఎడమవైపు ఒక పీట వేసేది. దాని మీద ఎవరినీ కూర్చోనిచ్చేది కాదు. ఒక రోజు నేను పొరపాటున కాలు పెడితే, తియ్యి అని ఎంత నెమ్మదిగా అందంటే, గట్టిగా తిట్టినా అంత ఉలిక్కిపడేవాణ్ణి కాను. పాయింటు పోతే నవ్వేది. కళ్లు తిప్పకుండా పీట వైపు తల వంచి, ఇది లెక్కలోకి రాదు అనో, ఇంకొకటి అనో అనేది. అమ్మ వంటింట్లోంచి ఇవతలికి రావడం మానేసింది. ఆ రెండు గంటలూ అక్కడే చాటలో బియ్యం పోసుకుని, రాళ్లు లేకపోయినా ఏరుతూ ఉండేది.

పక్షం రోజులకు అక్క బొట్టు పెట్టుకుని వచ్చి కూర్చుంది. మొగుడు పోయినామె బొట్టు పెట్టుకోవడం తప్పని ఎవరన్నా ఈరోజు అంటే నేను చొక్కా మడిచి పోట్లాడతాను. కానీ ఆ మధ్యాహ్నం నా ఒళ్లు జలదరించింది. బొట్టు పెట్టుకోవడానికి కాదు. ఎవరి ముందు కూర్చోవడానికి పెట్టుకుందో, అందుకు. అమ్మ నన్ను పెరట్లోకి లాక్కుపోయింది.

"అది ఏడ్చలేదురా ఇంకా. ఏడ్చకుండానే అటు పోతా ఉండాది. నువ్వు చేసిన పెట్టె ఎక్కి పోతా ఉండాది."

అప్పుడు గానీ నాకు బుద్ధి రాలేదు. మర్నాడు అక్క స్నానానికి పోయినప్పుడు పెట్టె స్విచ్చు వేసి ఒక్కణ్ణే కూర్చున్నాను. చెయ్యి రేకు దగ్గరికి తెస్తే ఎడమ బ్యాటు పైకి పోయింది. వెనక్కి తీస్తే దిగింది. ఒళ్లంతా ముందుకు వంచాను, ఇంకా పైకి పోయింది. పాత మీట అరిగిపోయింది, పట్టి నిలపాల్సిన కెపాసిటరు లేదు, చుట్టూ ఉన్నది రేకు. మూడూ కలిసి ఆ బ్యాటుకు మనిషి ఒంటి దగ్గరితనమే మీట అయిపోయింది. బంతి ఎడమవైపు పోతున్నప్పుడు అక్క ఊపిరి బిగబట్టి ముందుకు వంగుతుంది. వంగినప్పుడల్లా ఆ బ్యాటు లేచి బంతికి అడ్డం పోతుంది. ఇన్నాళ్లూ అక్క ఆడుతున్నది అక్కతోనే. మూడు పువ్వుల మాట విని, ఆ మూడూ కలిపి ఈ దెయ్యాన్ని తయారుచేసింది నేను.

అంతా అర్థమైందనుకుని లేచి, వీధిలోకి పోయి, కిటికీ ఊచల్లోంచి లోపలికి చూశాను. గదిలో ఎవరూ లేరు. ఎడమ బ్యాటు కొంతసేపు అడుగున పడి ఉంది. తర్వాత ఒక్కసారి మెల్లగా సగం దాకా లేచి, అక్కడే నిలబడి, దిగిపోయింది. కరెంటు హెచ్చుతగ్గులని చెప్పుకున్నాను. ఇన్నేళ్లయినా అదే చెప్పుకుంటున్నాను.

చెప్పాలా వద్దా అని మూడు రోజులు కొట్టుకున్నాను. చెబితే ఆ నవ్వు పోతుంది, మళ్లీ రెండు ముద్దల అన్నమూ పొడి కళ్లూ మిగులుతాయి. చెప్పకపోతే అమ్మ భయపడ్డదే అవుతుందేమో. పిరికివాణ్ణి, నోరు పెగల్లేదు. నాలుగో రోజు మధ్యాహ్నం ఆట మధ్యలో అక్కే మీట వదిలేసి నన్ను పిలిచింది. బంతి దానంతటది పోతూ వస్తూ ఉంది. అక్క దాన్ని చూడటం లేదు, పీట వైపు చూస్తోంది. గొంతు బాగా తగ్గించి, పక్కనున్నవాళ్లకు వినబడకూడదన్నట్టు మాట్లాడింది.

"ఇది మీ బావ కాదు."

నేను ఆమె పక్కన గొంతుక్కూర్చున్నాను.

"మేమిద్దరం తాయం ఆడినప్పుడు ఆయప్ప ఒక దినమన్నా గెలిచినాడా? గవ్వలు మంచిగా పడినా కావాల్నని కాయ తప్పు నడిపి ఓడిపోతాండె. నాకు తెలీదనుకుంటాండె. ఇది అట్ల కాదు. నన్ను ఓడించాల్నని చూస్తాది. మూడు దినాలుగా చూస్తాండా." ఆగి, నా చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి చల్లగా ఉంది. "ఎవర్ని తెచ్చి కూర్చోబెట్టినావురా ఈడ?"

పట్టపగలు, బయట సైకిల్ మీద పాత్రలమ్మేవాడి కేక వినిపిస్తుండగా, నాకు ఆ పీట వైపు చూడటానికి ధైర్యం చాలలేదు. అప్పుడు చెప్పేశాను. మీట, రేకు, కెపాసిటరు, బెంగుళూరులో ఆడిన అబద్ధం, అన్నీ. అటువైపు ఆడుతున్నది నువ్వేనక్కా అన్నాను. అక్క నమ్మలేదు. చెయ్యి పెట్టె దగ్గరికి తెచ్చి చూడమన్నాను. తెచ్చింది. బ్యాటు లేచింది. తీసింది, దిగింది. మళ్లీ తెచ్చింది. అలా ఎన్నిసార్లు చేసిందో నాకు గుర్తులేదు. చాలాసేపు, బ్యాటు మీద చూపు పెట్టి, చెయ్యి తేవడం తీయడం. చివరికి చెయ్యి ఒళ్లో పెట్టుకుంది.

"సరి చెయ్యి," అంది. "పూలు అడిగే పన్లేదు." లోపలికి పోయి బావ అంగడి తాళంచెవులు తెచ్చి నాకిచ్చింది.

టీవీ, పాత సామాను తెచ్చుకోవడానికి తప్ప, అంగడి మూడు నెలలుగా మూసే ఉంది. తలుపు తీస్తే కాలిన సీసం వాసన ఇంకా అలాగే ఉంది. కెపాసిటర్లు ఎక్కడుంటాయో నాకు తెలుసు. బల్ల కింద సొరుగులో, పాత అగ్గిపెట్టెల్లో వేసి ఉంచేవాడు. ఒక్కొక్కటే తెరిచి చూశాను. నాలుగోదానిలో ఒకే ఒక్క కెపాసిటరు, పటంలో రాసిన విలువే, కాగితంలో చుట్టి ఉంది. మా ఇళ్లలో మాట తెలుగైనా రాత తమిళమే. ఈ తెలుగు అక్షరాలు నేను ముప్పై దాటాక నేర్చుకున్నవి. ఆ కాగితం మీద బావ తమిళంలో పెన్సిలుతో ఒకే మాట రాశాడు. ఎడమవైపుకు, అని.

నేను బావ స్టూలు మీద కూర్చున్నాను. అక్క అడిగింది కొనమంటావా అని. వద్దన్నాడు. మూడుసార్లూ వద్దన్నాడు. కొన్నది అక్కడే ఉంది కనక. వద్దంటే బిగించవద్దనుకున్నది మేము. టీవీ మెకానిక్ సొరుగులో కెపాసిటరు ఉండటంలో వింతేముంది అని నాకు నేను చెప్పుకున్నాను. చెప్పుకుంటూనే, తలుపు వైపు వీపు పెట్టి కూర్చోలేక గోడకు జరిగాను.

ఆ కాగితం సంగతి అక్కకు అప్పుడు చెప్పలేదు. ఇంటికొచ్చి, పెట్టె విప్పి, కెపాసిటరు అతికాను. ఆ అతుకు కూడా గడ్డే కట్టింది. స్విచ్చు వేశాను. ఎడమ బ్యాటు కింద మూలకు పోయి నిలబడింది. అక్క చెయ్యి దగ్గరికి తెచ్చింది. కదల్లేదు. ముందుకు వంగింది, రేకు మీద అరచెయ్యి ఆనించింది. కదల్లేదు. అప్పుడు కుడి మీట పట్టుకుని ఆట మొదలుపెట్టింది.

బంతి ఎడమవైపు పోయింది, ఎవరూ కొట్టలేదు, గోడలోకి పోయినట్టు మాయమైంది. అక్కకు ఒక పాయింటు. మళ్లీ పోయింది. రెండు. నేను ఎడమ మీట తిప్పుదామని చెయ్యి చాచి, పీట వైపు చూసి, మానుకున్నాను. ఏడు, ఎనిమిది. అక్క మీట తిప్పాల్సిన పనే లేదు. అయినా ప్రతి బంతికీ సిద్ధంగా వంగి, అటువైపు చూస్తూ, కాస్త ఆగుతోంది. పదిహేను వచ్చింది. అవతల సున్నా. రెండో ఆట పెట్టింది. అదీ పదిహేను, సున్నా. మూడో ఆట సగంలో ఉండగా చెయ్యి మీట మీదే ఆగిపోయింది.

"నేనే గెలుస్తాండా," అంది. కాసేపటికి, "లేడు," అంది.

ముందు చిన్న శబ్దం వచ్చింది. దగ్గనుకున్నాను. తర్వాత అది పెద్దదై, గది పట్టనంత అయింది. నుదురు నేలకానించి, పీటను రెండు చేతులా పట్టుకుని, బావను పేరుపెట్టి పిలిచి ఏడ్చింది. బతికున్నప్పుడు ఒక్కసారి కూడా ఆయన్ను పేరుపెట్టి పిలిచిన మనిషి కాదు. అమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి, నా ముఖం చూసి, విషయం తెలుసుకుని, అక్క పక్కన కూలబడి తనూ అందుకుంది. నేను టీవీ కట్టేయాలని లేచి, స్విచ్చు దగ్గరే నిలబడ్డాను. మూల పడి ఉన్న ఆ ఎడమ గీత కళ్లనీళ్లలో చెదిరిపోయింది. ఆ కెపాసిటరు నేను మొదటిరోజే బిగించి ఉంటే, ఈ ఏడుపు మొదటిరోజే వచ్చేదా, ఎప్పటికీ వచ్చేది కాదా, నాకు ఈరోజుకీ తెలియదు.

ఏడుపు వీధి చివరిదాకా వినిపించింది. పక్కిళ్లవాళ్లు ఒక్కొక్కరే చేతిలో పని వదిలేసి వచ్చారు. చావు ఆ మధ్యాహ్నమే జరిగినట్టు, ఎవరూ ఏమీ అడక్కుండా, గడప దగ్గర చెప్పులు విడిచి లోపలికి వచ్చి కూర్చున్నారు.